భర్త పేరు దగ్గర ఆగిన కర్సర్

నన్ను మొదటిసారి "గళ్ళమ్మాయి" అన్న రోజు మా సీనియర్ లేత నీలం చొక్కా వేసుకున్నాడు. జేబు దగ్గర సిరా మరక ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మరక ఏ ఆకారంలో ఉందో గీసి చూపించగలను. ఇలాంటివి మర్చిపొమ్మని నాకు చాలామంది చెప్పారు. ఎవరెవరు చెప్పారో అదీ గుర్తుంది.

తొంభైల నడిమి సంగతి. లాల్‌దర్వాజాలో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో మా కంపెనీ. మొత్తం ఐదుగురం. మా యజమానిది తరతరాలుగా పాతబస్తీలో ఇనుప సామాను అమ్మిన కుటుంబం. అన్నదమ్ములు కొట్టు చూసుకుంటుంటే ఈయన కంప్యూటర్ల మీద పడ్డాడు. సీనియర్‌ది మాలాగే కోస్తా. మా నాన్న సర్కారు ఆఫీసులో గుమాస్తాగా నేను పుట్టకముందే ఇక్కడికి వచ్చి, అక్కడికి రెండు సందుల అవతల అద్దె ఇంట్లో స్థిరపడ్డాడు. బడిలో నన్ను "అండీ" అని వెక్కిరించారు. సెలవులకు వెళ్తే మా పిన్నమ్మల పిల్లలు "ఏంది" అని వెక్కిరించారు. రెండు వైపుల పేర్లూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

కంప్యూటర్ డిప్లొమా పట్టుకుని కంపెనీలో చేరితే నాకు ఇచ్చిన పని వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లోకి వివరాలు ఎక్కించడం. "ఆడపిల్లలకి టైపింగ్ బాగా వస్తుంది కదండీ" అన్నాడు సీనియర్, నాతో కాదు, యజమానితో. కుర్చీ కూడా మెట్ల పక్కన మంచినీళ్ల కుండ దగ్గర వేశారు. నీళ్లు తాగడానికి వచ్చిన ప్రతివాడూ గ్లాసు పట్టుకుని నా తెర మీదికి వంగి చూసి పోయేవాడు.

ఆ తెరలేమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. ఆఫీసంతటికీ ఒకే ఒక పెద్ద కంప్యూటర్ ఉండేది. దానికి సన్నటి తీగలతో ఆరేడు టెర్మినళ్లు తగిలించి ఉండేవి. టెర్మినల్ అంటే చిన్న టీవీ లాంటి పెట్టె, దాని ముందు కీబోర్డు. నల్లటి తెర మీద ఆకుపచ్చటి ఇంగ్లీషు అక్షరాలు, అడ్డంగా ఎనభై, నిలువుగా ఇరవై అయిదు వరుసలు. బొమ్మల్లేవు, మౌస్ లేదు. దానికి సొంత బుర్ర కూడా లేదు. మనం నొక్కింది తీగ మీద పంపుతుంది, తీగ మీద వచ్చింది చూపిస్తుంది.

వేరేవాళ్ల ప్రోగ్రాముల్లో రోజంతా కూర్చుంటే నాకు ఒళ్లు మండేది. ఒక్కోటి ఒక్కో తీరు. ఒకదాంట్లోంచి బయటికి రావాలంటే సున్నా నొక్కాలి, ఇంకోదాంట్లో సున్నా నొక్కితే ఎక్కించినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. పైవరుసలో తప్పు కొట్టానని కింద వరుసలో తెలిస్తే వెనక్కి వెళ్లే దారి లేదు, మళ్లీ మొదటినుంచి. రాసినవాడు ఒక్కపూటైనా దాని ముందు కూర్చోలేదని తెలుస్తూనే ఉండేది. అప్పుడే పంతం పట్టాను. అన్ని ప్రోగ్రాములకూ కలిపి ఒకే చట్రం తయారుచేస్తాను అని. గడి గీయడం, గడిలో రాయించుకోవడం, జాబితా చూపించి ఎంచుకోనివ్వడం, ఒక మీట ఎక్కడ నొక్కినా ఒకే పని చేయడం, ఇవన్నీ ఆ చట్రం చూసుకోవాలి. ప్రోగ్రాం రాసేవాడు "ఇక్కడ పేరు గడి, దాని కింద వయసు గడి" అని చెబితే చాలు. పుస్తకాల్లో దాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారని తర్వాత తెలిసింది. నేను మాత్రం చట్రమనే అనుకునేదాన్ని.

ఎవరూ చేయమనలేదు. నా పని అయిపోయాక మిగిలిన మధ్యాహ్నాలూ, ఆదివారాలూ దానికే పోయాయి. రెండేళ్లు పట్టింది. మొదటి తలనొప్పి తీగతో వచ్చింది. తెరమీద చిన్న పెట్టె ఒకటి తెరిచి మూసినా, మొత్తం తెర మళ్లీ గీయాలంటే రెండు వేల అక్షరాలు ఆ సన్నటి తీగ మీద పాకి రావాలి. రెండు సెకన్లు. వింటే తక్కువే, పని చేస్తుంటే ప్రాణం తీస్తుంది. అందుకని తెరకు రెండు నకళ్లు దాచాను. ఇప్పుడు తెరమీద ఉన్నది ఒకటి, ఉండాల్సినది ఒకటి. రెండూ పోల్చి తేడా ఉన్న అక్షరాలే పంపించాను. తెర టక్కున మారడం మొదటిసారి చూసినప్పుడు లేచి నిలబడ్డాను. ఈ ఉపాయం పెద్ద పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉందని ఆ తర్వాతెప్పుడో చదివాను. ముందే చదివేదాన్నే, పుస్తకాల అల్మారా తాళంచెవి సీనియర్ దగ్గర ఉండేది.

చట్రం మొదటిసారి అందరికీ చూపించిన రోజే ఆ నీలం చొక్కా రోజు. సీనియర్ నా కుర్చీలో కూర్చుని కింది గడిలోకి పోదామని బాణం మీట నొక్కాడు. తెర మూసుకుపోయింది. మళ్లీ తెరిచి మళ్లీ నొక్కాడు. మళ్లీ మూసుకుపోయింది.

"ఏవమ్మా గళ్ళమ్మాయీ, కిందకి దిగుతానంటే వీధిలోకి గెంటేస్తుందేవిటి నీ సాఫ్ట్‌వేరు?" అన్నాడు. నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఇద్దరూ నవ్వారు.

కారణం మూడు రోజుల్లో పట్టుకున్నాను. బాణం మీట ఒకటే నొక్కినా టెర్మినల్ మూడు సంకేతాలు పంపుతుంది. వాటిలో మొదటిది, "వద్దు, మూసెయ్" అని చెప్పే మీట సంకేతమే. మిగతా రెండూ తీగలో కాస్త ఆలస్యమైతే నా చట్రం మూసెయ్యమన్నారనుకుంది. రెప్పపాటు ఆగి చూడమని నేర్పాను, సరిపోయింది. పేరు మాత్రం నాకు అంటుకునే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆసుపత్రి పని వచ్చింది.

బహదూర్‌పురా దారిలో ఒక ధర్మాసుపత్రి. పొద్దున్నే చీటీలు రాసే కౌంటర్లు రెండు, ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి. పెద్ద పెద్ద రిజిస్టర్లలో రాసేవారు. పాత రిపోర్టు కావాలంటే ఆ రిజిస్టర్లన్నీ తిరగేయాలి. కంప్యూటర్ పెడదామని అక్కడి సూపరింటెండెంట్ అనుకున్నాడు. మౌస్‌తో, రంగులతో కొత్తగా వస్తున్న మిషన్లు పెట్టిద్దామని సీనియర్ అన్నాడు. యజమాని నా చట్రం వైపు మొగ్గాడు. మెచ్చి కాదు.

"స్టోర్‌ల నాలుగు టెర్మినళ్లు దుమ్ము పట్టి పడున్నయ్. గవే పెడ్దాం. గీ అమ్మాయి ఏందో జేసింది గద, గది నడుస్తదో లేదో సూద్దాం."

రెండేళ్ల పనికి నాకు దొరికిన సిఫారసు అది.

సూపరింటెండెంట్ ఒకే షరతు పెట్టాడు. తండ్రి పేరో భర్త పేరో లేకుండా చీటీ రాకూడదు. "ఒక్కటే పేరున్న ఆడోళ్లు నలభై మంది ఉంటరమ్మా మా తాన. భర్త పేరు లేకుంటే ఎవరి రక్తం ఎవరిదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. న్యాయమైన మాటే. అందుకని ఆ గడికి గట్టి కాపలా పెట్టాను. ఖాళీగా వదిలి ముందుకు పోబోతే గంట మోగుతుంది, భర్త పేరు తప్పనిసరి అని కింద ఇంగ్లీషులో వస్తుంది, కర్సర్ అక్కడే నిలబడి మిణుకుమిణుకుమంటుంది. ఎంత నొక్కినా కదలదు. ఇంకో సౌకర్యం కూడా పెట్టాను. ఒకే బస్తీ నుంచి పదిమంది కలిసి వస్తారు కదా, బస్తీ పేరు పదిసార్లు కొట్టక్కర్లేకుండా, ఒక మీట నొక్కితే ముందు మనిషికి ఆ గడిలో ఏముందో అదే వచ్చి పడుతుంది. దానికి "పైదే" మీట అని పేరు పెట్టాను. ఆ మీట మీద నాకు చాలా గర్వంగా ఉండేది.

ఆడవాళ్ల కౌంటర్‌లో ఇరవయ్యేళ్లుగా కూర్చుంటున్నామెను అందరూ ఆపా అనేవారు, అక్క అని. బార్కస్ నుంచి వచ్చేది. నల్ల బురఖా ముసుగు వెనక్కి తోసుకుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి, కిటికీ చువ్వల్లోంచి మనుషుల్ని చూసి మాట్లాడేది. రెండు రోజుల్లో మీటలన్నీ నేర్చుకుంది. కీబోర్డు వంక చూడను కూడా చూడదు. మగవాళ్ల కౌంటర్‌లో గుమాస్తా కంటే ఆమే చురుకు. నా చట్రం నిలబడిందనుకున్నాను.

పదో రోజు పొద్దున నేను మెట్లెక్కుతుంటేనే యజమాని గొంతు వినిపించింది. "ఏందమ్మా గీ లొల్లి? దవాఖానోళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్రు. నడు, నడు."

వెళ్లేసరికి రిపోర్టుల కిటికీ దగ్గర ఒకాయన ఊగిపోతున్నాడు. భార్య రక్త పరీక్ష రిపోర్టు కోసం వచ్చాడు. చీటీ మీద భార్య పేరు సరిగ్గానే ఉంది, కింద భర్త పేరు దగ్గర ఎవరిదో పేరుంది.

"యే కౌన్ హై? మేరీ బీవీ కా షౌహర్ యే కౌన్ హై, బోలో!" అని చీటీ చువ్వలకేసి కొడుతున్నాడు. నా భార్యకు మొగుడంటున్న వీడెవడని అడుగుతున్నాడు. వెనకాల భార్య మొహం గోడవైపు తిప్పుకుని నిలబడి ఉంది.

ఆయన్ని సముదాయించి పంపాక సూపరింటెండెంట్ గదిలో కూర్చున్నాం. సీనియర్ పదిరోజుల జాబితా ప్రింటు తీయించి చదవడం మొదలుపెట్టాడు. "సోమవారం పొద్దున పదకొండుమంది ఆడవాళ్లండీ, వరుసగా. పదకొండుమందికీ ఒకడే మొగుడు. తర్వాత ఇంకో మహానుభావుడు, ఆయనకి తొమ్మండుగురు. మంగళవారం ఒకాయనకి పద్నాలుగు." కాగితం మీంచి తలెత్తి నావైపు చూశాడు. "పాతబస్తీ ఆడవాళ్లందరికీ మళ్లీ పెళ్లిళ్లు చేసేసింది మన గళ్ళమ్మాయి."

సూపరింటెండెంట్ నవ్వలేదు. అదే భయమేసింది. "పదిహేను దినాలు సూస్త. గప్పటికి సక్కగ కాకుంటే గీ నల్ల డబ్బాలు తీస్కపోండ్రి. ఈయన జెప్పిన మిషన్లే పెట్టుకుంట" అన్నాడు. అప్పుడు తెలిసింది, సీనియర్ ఆయనతో ముందే మాట్లాడి పెట్టుకున్నాడని.

నేరుగా ఆపా దగ్గరికి వెళ్లాను. "ఆపా, పైదే మీట బస్తీ పేరుకని చెప్పానా లేదా? భర్త పేరు దగ్గర ఎందుకు నొక్కారు?"

ఆపా నావైపు తిరగలేదు. చువ్వల అవతల మనిషికి చీటీ అందిస్తూనే చెప్పింది. "నేనేం జేసేది బేటీ? ఆమె చెప్పది, నీ మిషన్ కదలది. యెనక యాభై మంది. గా మీట నొక్కితే కదిలింది." చీటీ ఇచ్చి అప్పుడు తిరిగింది. "నీ మిషన్‌కు షరమ్ లేదమ్మా. పరాయోళ్ల ముంగట గంట గొట్టి అడుగుతది."

నాకు ఎంత కోపం వచ్చిందంటే, మర్నాడు పొద్దున్నే ఒక నోటుపుస్తకం, పెన్ను పట్టుకుని ఆపా వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆమె ఎన్నిచోట్ల తప్పు నొక్కుతుందో ఒక్కోటీ రాసి, ఆ పుస్తకం సూపరింటెండెంట్ బల్ల మీద పెట్టాలని. మొదటి గంటలో ఒక్క తప్పూ దొరకలేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

పదింటికి మా లాల్‌దర్వాజా వైపు నుంచి ఒకామె వచ్చింది. చంకలో పాప. తనకు చీటీ కావాలంది, దగ్గు తగ్గడం లేదట. ఆపా పేరు అడిగింది, చెప్పింది. వయసు అడిగింది, నవ్వి అందాజుగా ఒకటి చెప్పింది.

"మీ ఆయన పేరేందమ్మా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గదే... పాప వాళ్ల నాయిన."

"పాప వాళ్ల నాయినకు ఒక పేరుంటది గద?"

"ఉంటది. మా అత్త అచ్చి చెప్తది. మంచినీళ్లకు పోయింది."

"అత్త అచ్చేదాంక యెనకున్నోళ్లు ఏం జెయ్యాలె?" అని లైన్లోంచి ఎవరో అరిచారు. "జల్దీ బోలో అమ్మా, షౌహర్ కా నామ్ హీ తో పూఛే!"

ఆపా ముందుకు పోబోయింది. నా గంట మోగింది. ఇంకోసారి మోగింది. చువ్వల అవతల ఆమె ఆ చప్పుడుకు ఒకడుగు వెనక్కి వేసింది, ఏదో తప్పు చేసినట్టు. లైనంతా ఆమెనే చూస్తోంది.

ఆపా నావైపు తిరిగి కళ్లజోడు తీసింది. "ఇప్పుడు నువ్వే జెప్పు బేటీ, ఏం గొట్టాలె?"

ఆపా పైదే మీట నొక్కింది. అంతకుముందు వచ్చిన ఆమె భర్త ఈమెకూ భర్త అయ్యాడు. లైను కదిలింది.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆపా బల్ల కింద నుంచి పాత రిజిస్టరు ఒకటి తీసి నా ఒళ్లో పెట్టింది. ఆడవాళ్ల పేజీలు. పేరు, వయసు, బస్తీ అన్నీ నీలం సిరాతో. భర్త పేరు వరుసలో సగానికి సగం నల్ల సిరా. మొదట ఖాళీ వదిలేదట. అత్తో, తోటికోడలో, పక్కింటామో, పిల్లలో వచ్చి కిటికీ దగ్గర చెవిలో చెబితే, పక్కనే పెట్టుకున్న నల్ల పెన్నుతో నింపేదట. "ముసల్మాన్లయినా మీవోళ్లయినా పాతోళ్లంత గిట్లనే. మున్నీ కే అబ్బా అంటరు, మా ఇంటాయన అంటరు. పేరు నోట్లకెల్లి రాదు. నాకే రాకపోయేది" అంది.

ఆ నల్ల సిరా పేర్లు చూస్తుంటే నాకు రేషన్ షాపు గుర్తొచ్చింది.

నాకు ఎనిమిదేళ్లు. అమ్మ నన్ను ఏ కౌంటర్‌కు వెళ్లినా వెంట తీసుకెళ్లేది. సంచి పట్టుకోవడానికి అనుకునేదాన్ని మొదట్లో. కాదు. నాన్న పేరు చెప్పడానికి. అవతలి మనిషి భర్త పేరడిగితే అమ్మ నా భుజం మీద వేలితో తట్టేది, నేను గట్టిగా చెప్పేదాన్ని. ఒకరోజు నాకు జ్వరం, అమ్మ ఒక్కతే వెళ్లింది. ఆ తర్వాతి వారం నేనూ వెళ్లినప్పుడు కౌంటర్ మనిషి నన్ను చూసి అందరికీ వినపడేలా అన్నాడు: "ఆఁ, అచ్చిందమ్మా మొగని పేరు తెల్సినామె! పోయినవారం మీ అమ్మకు యాదికి రాలే." లైను నవ్వింది. అమ్మ తలొంచుకుని సంచి మడతపెట్టుకుంది. ఆ మనిషి పై పన్ను ఒకటి విరిగి ఉండేది. పదిహేనేళ్లకు పైగా నేను ఆ పన్నును క్షమించలేదు.

ఇప్పుడు ఆ పని నేనే చేస్తున్నాను. ఒక నల్ల పెట్టెలో కూర్చుని, గంట కొట్టి, మొగుడి పేరు తెలియదా అని లైనంతటి ముందూ అడుగుతున్నాను. అందరి మాటలూ గుర్తుపెట్టుకునే నాకు, ప్రతి కౌంటర్ దగ్గరా భుజం మీద పడ్డ అమ్మ వేలు గుర్తు రాలేదు. నోటుపుస్తకంలో ఆపా తప్పులు రాద్దామని తెచ్చుకున్న పేజీ మీద నా తప్పు రాసుకుని ఇంటికి వెళ్లాను.

మర్నాడు ఆఫీసులో విషయం చెబితే సీనియర్ తేలిగ్గా తీసేశాడు. "దానికింత బాధేవిటమ్మా? ఆ గడికి తప్పనిసరి అన్న మాట తీసేయ్. ఒక్క లైను. పావుగంట పని."

తీసేస్తే ఎవరూ నింపరు. ఒకే పేరున్న ఆ నలభై మందిలో ఎవరెవరో మళ్లీ తెలియదు. కావాల్సింది ఖాళీ వదలడం కాదు, ఖాళీ వదిలిన సంగతి మర్చిపోకుండా ఉండటం. ఆపా నల్ల పెన్ను చేసిన పని. అదీ ఈ ఒక్క గడికి కాదు, చట్రంలో ఉండే ప్రతి గడికీ. రేపు ఇంకో చోట ఇంకొకరు చెప్పలేనిది ఇంకేదో ఉంటుంది, అప్పుడు మళ్లీ నా గంట వాళ్ల మీద మోగకూడదు.

"చట్రం విప్పి మళ్లీ కడతాను" అన్నాను.

"పదిహేను రోజుల్లోనా?" అన్నాడు సీనియర్. గ్లాసు కడిగి కుండ మీద బోర్లించి, ఇంకేమీ అనకుండా వెళ్లాడు. ఆ ఏమీ అనకపోవడం కూడా రాసి పెట్టుకున్నాను.

పని ఎందుకు పెద్దదో చెబుతాను. నా పాత చట్రంలో ప్రతి గడీ ఒక కాపలాదారు. కర్సర్ తన దగ్గరికి వస్తే మీటలన్నీ తానే పట్టుకుంటాడు, తనకు తృప్తి కలిగేదాకా ఎవరికీ వదలడు. అందుకే భర్త పేరు దగ్గర ఆగితే ప్రపంచమంతా ఆగిపోయేది. అది ఒక్క గడి తప్పు కాదు, కట్టిన తీరే అది. ఇప్పుడు గుమ్మం దగ్గర ఒక్కరే నిలబడాలి. ఏ మీట వచ్చినా ఆ ఒక్కరే అందుకుని, అప్పుడు ఏ గడి వంతో దానికిచ్చి, పని కాగానే మళ్లీ తన చేతిలోకి తీసుకోవాలి. ఏ గడికీ మనిషిని పట్టి ఆపే హక్కు ఉండకూడదు. నింపని గడి తనను తాను గుర్తు పెట్టుకోవాలి, అంతే. ఇలా అనుకోవడానికి అరపూట పట్టింది. రెండేళ్లు కట్టినది ఊడదీసి అలా కట్టడానికి పన్నెండు రోజులు. మూడో రోజు ఏ గడీ పనిచేయలేదు. ఐదో రోజు బాణం మీట పాత జబ్బు తిరగబెట్టి తెర మూసేసింది, సరిగ్గా సీనియర్ నీళ్లు తాగుతున్నప్పుడే. ఎనిమిదో రోజు యజమాని వచ్చి కాసేపు నిలబడి, "ఫికర్ జెయ్యకు, కాకుంటే కాకపాయె, డబ్బాలు తెచ్చుకుందాం" అన్నాడు. ఆయన ఓదార్పు అనుకుని అన్నాడు. నాకు ఒళ్లంతా మంటపుట్టింది. ఆ మంట మీద ఇంకో నాలుగు రోజులు పనిచేశాను.

గంట తీసిపారేశాను. "తర్వాత" అని ఒక కొత్త మీట పెట్టాను. అది నొక్కితే గడిలో చిన్న చుక్కలు పడి కర్సర్ ముందుకు పోతుంది, చీటీ వస్తుంది, నంబరు వస్తుంది. చుక్కలున్న చీటీల నంబర్లన్నీ తెర కుడివైపు సన్నటి వరుసలో కనబడుతూ ఉంటాయి, నింపేదాకా అక్కడినుంచి పోవు. ఏ నంబరు మీదికి బాణంతో వెళ్లి నొక్కినా ఆ ఒక్క గడే తెరుచుకుంటుంది. చుక్కలుండగా డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు, రక్తం ఇవ్వొచ్చు. రిపోర్టు చేతికి మాత్రం రాదు. పైదే మీట భర్త పేరు దగ్గర పనిచేయకుండా కట్టేశాను.

పదిహేనో రోజు సోమవారం. రద్దీ మెట్లదాకా ఉంది. సూపరింటెండెంట్, యజమాని, సీనియర్ ముగ్గురూ ఆపా వెనక నిలబడ్డారు. నేను గోడకానుకుని నిలబడ్డాను.

నాలుగో మనిషి దగ్గర అసలు పరీక్ష వచ్చింది. పండు ముసలామె, ఒక్కతే. భర్త పేరడిగితే నేల చూసింది.

"బాద్ మే" అని ఆపా తనలో తాను అనుకుంటూ "తర్వాత" మీట నొక్కింది. చుక్కలు పడ్డాయి. "నీ బస్తీ ఏది నానీమా?" ముసలామె తలెత్తి చెప్పింది. చప్పుడు లేదు, ఎవరూ తిరిగి చూడలేదు. చీటీ వచ్చింది. "నీతోని ఎవరన్న అస్తే గీ కిటికీకి పంపు, సరేనా?"

ఇలా పదిమంది, ఇరవై మంది. కుడివైపు నంబర్ల వరుస పెరుగుతూ వచ్చింది. పదకొండున్నర అయింది. ఎవరూ తిరిగి రాకపోతే? సీనియర్ ఆ వరుస వైపు వేలు చూపించి సూపరింటెండెంట్ చెవిలో ఏదో అన్నాడు. అప్పుడు ఒక తోటికోడలు వచ్చింది, చీటీ చువ్వల్లోంచి చాపి ఒక పేరు చెప్పింది. ఆపా నంబరు మీదికి పోయింది, గడి తెరుచుకుంది, పేరు పడింది, నంబరు వరుసలోంచి మాయమైంది. తర్వాత ముసలామె మనవరాలు వచ్చింది. తర్వాత ఒకామె, పక్కింటామెకని. పన్నెండున్నరకు కుడివైపు రెండే నంబర్లు మిగిలాయి. ఒంటిగంటకు ఒకటి. ఆ ఒక్కామె ఎవరూ లేకుండా వచ్చిందట. ఆపా చీటీ వెనక ఆమెచేత రాయించుకుని ఎక్కించింది. రాయడానికి సిగ్గుండదట, పలకడానికే.

సూపరింటెండెంట్ ఆ రోజు జాబితా చేతిలోకి తీసుకుని వేలితో ఒక్కో వరుస చూసుకుంటూ వచ్చాడు. ఒక్కరికీ పక్కామె మొగుడు లేడు. కాగితం మడిచి, సీనియర్ చెయ్యి పట్టుకుని ఊపాడు. "మంచిగ జేసిన్రు సార్. డబ్బాలు ఉండనీండ్రి."

సీనియర్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నాదని చెప్పలేదు. నేను చెప్పాను. గోడ దగ్గర్నుంచి ముందుకు వచ్చి, "ఇది నేను చేసింది సార్" అన్నాను. ఆయన "అచ్ఛా అచ్ఛా" అని నాకూ తలూపాడు. ఆపా కళ్లజోడు సర్దుకుంటూ, తిరగకుండానే, "ఆమెదే సార్. పదైదు దినాలసంది నా పానం తింటున్నది గదా" అంది. నాకు దొరికిన మెచ్చుకోలు అంతే. చాలు అని చెప్పను. చాలదు.

చట్రం మాత్రం నిలబడింది. ఆ తర్వాత మా కంపెనీ చేసిన ప్రతి పనీ దానిమీదే కట్టారు. తెర మొదట తెరుచుకున్నప్పుడు కింద చిన్నగా నా పేరు పడేట్టు పెట్టుకుంటే, కంపెనీ పేరు చాలని యజమాని తీయించాడు. సీనియర్ ఇంకో కంపెనీకి పోయాడు. నింపని గడిని గుర్తుపెట్టుకుని ముందుకు పోనివ్వడం తన ఆలోచనేనని ఒక మీటింగులో చెప్పాడని విన్నాను. ఏ మీటింగో తెలుసు.

రెండు వేల సంవత్సరం దాటాక మగవాళ్ల కౌంటర్‌కు రంగుల తెర, మౌస్ వచ్చాయి. ఆపా ఒప్పుకోలేదు. ఎలుకను పట్టుకుంటే మనిషి మొహం చూడటానికి రాదంది. అమ్మకు మోకాళ్లు పట్టేసి ఆ ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు ఆడవాళ్ల కిటికీలో ఇంకా అదే నల్ల తెర, కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగిపోయి. నేను అమ్మ వెనక నిలబడ్డాను. ఆపా నన్ను చూసింది, పలకరించలేదు. లైను పెద్దగా ఉంది. అమ్మను పేరడిగింది, వయసడిగింది. ఆ తర్వాతి గడి దగ్గర అలవాటుకొద్దీ అమ్మ చెయ్యి వెనక్కి వచ్చి నా భుజం కోసం వెతికింది.

ఆపా అడగనే లేదు. మీట నొక్కి బస్తీ పేరడిగింది. అమ్మ చెయ్యి గాల్లోంచి మెల్లగా దిగింది.

చీటీ తీసుకుని అమ్మ బెంచీ మీద కూర్చున్నాక నేను కిటికీ దగ్గరికి వెళ్లి నాన్న పేరు చెప్పాను. చుక్కలు పోయి పేరు పడింది. తిరిగి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను, ఏమైనా అంటుందేమోనని. చాలాసేపు ఆ కిటికీ వైపు చూసి, "నువ్వు రెండేళ్లు కూర్చుని చేసింది ఇదేనా?" అంది.

"ఇదే."

"మరీ ఇంత నల్లగా ఉందేమిటే? ఆ మగాళ్ల వైపుది చూడు, ఎంత కళగా ఉందో."

అమ్మ ఆరోజు ఆకుపచ్చ అంచు తెల్ల చీర కట్టుకుంది. చేతిలో ముప్ఫైరెండో నంబరు చీటీ.